లాజరు రెండోసారి కన్నుమూసిన ఊరు

చనిపోయిన లాజరును యేసు బతికించిన కథ సండే స్కూల్లో విననివాళ్ళుండరు. బేతనియ ఊరు, అతని తోబుట్టువులు మార్త, మరియ, నాలుగు రోజుల సమాధి, ప్రభువు పిలుపు. కట్లతోనే అతను బయటికి రాగానే పాఠం అయిపోతుంది. తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో ఎవరూ చెప్పరు.

సైప్రస్ దీవిలోని లార్నకాలో చెబుతారు. ప్రధాన యాజకులు లాజరును కూడా చంపాలని ఆలోచించారని బైబిల్లో యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఉంది కదా. అందుకే అతను సముద్రం దాటి అప్పట్లో కితియన్ అనే ఈ రేవుకు చేరాడట. అపొస్తలులు పౌలు, బర్నబా అతన్ని ఇక్కడ బిషప్‌గా నియమించారని, మరో 30 ఏళ్ళు బతికాడని అక్కడి నమ్మకం. అతను ఇక్కడికి వచ్చినట్టు బైబిల్లో ఏమీ లేదు. అయినా వెళ్ళాలనిపించింది. పైగా మా అక్క అక్కడే ఓ పెద్దావిడ ఇంట్లో పని చేస్తోంది, ఆదివారం సెలవు.

ఖర్జూర చెట్ల వరసతో ఉన్న ఫినికూడెస్ బీచ్ పక్కన కాఫీ హోటళ్ళు దాటి, పాత కోటకు ఇవతల సందులోకి తిరిగితే సెయింట్ లాజరస్ చర్చి. గుడిలోకి అందరూ చెప్పులతోనే వెళ్తున్నారు. అక్క అలవాటుగా చెప్పులు విడవబోయి ఆగిపోయింది, చున్నీ మాత్రం తల మీద కప్పుకుంది. లోపల బంగారు పూత పూసిన చెక్కడాల తెర, ధూపం, గ్రీకులో సాగే పాట. అక్కడివాళ్ళు పరిశుద్ధుల పటాలను ముద్దు పెట్టుకుంటుంటే మాకు ఎటు చూడాలో తెలియలేదు. మేం పెరిగిన చర్చిలో గోడకి సిలువ తప్ప ఏదీ ఉండదు.

కుడివైపు మెట్లు దిగితే నేలమాళిగ. తల వంచి నడవాలి. రాతి శవపేటికలున్నాయి, ఖాళీవి. 890లో ఇక్కడే లాజరు సమాధి దొరికిందని, బైజాంటైన్ చక్రవర్తి ఆరో లియో అస్థికలను కాన్‌స్టాంటినోపుల్‌కు తెప్పించుకుని ఈ గుడి కట్టించాడని చెబుతారు. 1972లో మరమ్మతులు చేస్తుంటే బలిపీఠం కింద ఇంకొన్ని ఎముకలు బయటపడ్డాయి. అవి లాజరువేనా? నేను నమ్మాననీ అనను, నవ్వాననీ అనను. కానీ ఒకసారి చావు చూసొచ్చినవాడు మళ్ళీ దానికోసం ఎలా ఎదురుచూసి ఉంటాడన్న ఆలోచన ఆ మాళిగలో నన్ను వదల్లేదు.

ఆ నాలుగు రోజుల్లో చూసిన ఆత్మల వల్ల ఆ 30 ఏళ్ళూ లాజరు నవ్వలేదంటారు, ఒక్కసారి తప్ప. ఎవడో కుండ దొంగిలిస్తుంటే చూసి, “మట్టిని మట్టే దొంగిలిస్తోంది” అని నవ్వాడట. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ కథే.

వీలైతే ఈస్టర్‌కు ఎనిమిది రోజుల ముందు వచ్చే లాజరు శనివారం నాటికి వెళ్ళండి. ఆయన పటాన్ని వీధుల్లో ఊరేగిస్తారు. అయితే వాళ్ళ ఆర్థడాక్స్ ఈస్టర్ చాలా ఏళ్ళు మన తేదీకి పడదు, చూసుకుని టికెట్ తీసుకోండి.

మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు పక్కన ఉన్న ఉప్పు సరస్సుకు వెళ్ళాం. చలికాలంలో ఫ్లెమింగోలు దిగుతాయి, ఎండాకాలం కాబట్టి మాకు తెల్లటి ఉప్పు పొరే మిగిలింది. దానికీ లాజరు కథే: దాహంతో ద్రాక్షపళ్ళు అడిగితే ఓ ముసలమ్మ లేవందట, ఆమె తోట ఉప్పు సరస్సుగా మారిపోయిందట.

అక్క ఊరుకోలేదు. “పళ్ళు పెట్టకపోతే పోనీ, పాపం ఆ ముసలావిడ తోటేం చేసిందిరా?” అంది.