ఆపిన తేదీ ఉంది, మొదలుపెట్టే తేదీ లేదు

ఆ సోమవారం పొద్దున అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటున్నాను. మూడు పాయలు తీశాను. రెండు చక్కగా మడతపడ్డాయి, మూడోది కుడిచేతి వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాను, మళ్లీ జారింది. తిమ్మిరేమో అని చెయ్యి విదిలించబోతే అసలు లేవలేదు. ఎవరి చెయ్యో నా భుజానికి తగిలించినట్టు వేలాడింది. "ఏమండీ" అని పిలిచాను. నేను అన్నది అదే, బయటికొచ్చింది మాత్రం నాకే అర్థంకాని ముద్దమాట. "నోట్లో ఏం పెట్టుకుని మాట్లాడుతున్నావు?" అంటూ వచ్చిన మావారు నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. మూతి ఒక పక్కకి జారి ఉందని తర్వాత చెప్పారు.

అంతా కలిపి ఇరవై నిమిషాలు. అంబులెన్స్ ఎక్కేసరికి మాట వచ్చేసింది, ఆసుపత్రి చేరేసరికి చెయ్యి కూడా లేచింది. "తగ్గిపోయిందిగా, ఇంటికి పోదాం" అన్నాను కూడా. మావారు వినలేదు కాబట్టి బతికిపోయాను. ఎమర్జెన్సీలో డాక్టర్ మొదట అడిగినవాటిలో ఒకటి: "రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? ఆఖరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు?"

"శనివారం రాత్రి."

"అంటే మొన్న?"

"కాదండీ, అంతకుముందు శనివారం."

రాస్తున్న పెన్ను ఆపి ఆయన నా వైపు చూశారు.

ఇదంతా ఒక పన్నుతో మొదలైంది. నాకు మూడేళ్లుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంది. గుండె లయ తప్పి కొట్టుకోవడం. నాకు బీపీ, షుగర్ కూడా ఉన్నాయని కార్డియాలజిస్ట్ రక్తం పలచబడే మాత్ర అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాశారు. కింది దవడ పన్ను పుచ్చితే తీసేయాలన్నారు. పళ్ల డాక్టర్ దగ్గర నా మందుల చీటీ చూపించాను. "రక్తం పలచబడే మాత్ర ఆపి రండి" అన్నారు. ఎన్ని రోజులు ఆపాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. కార్డియాలజిస్ట్‌కి ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. ఇంత చిన్నదానికి ఆయన్ని విసిగించడమెందుకని ఊరుకున్నాను. ఈ మొహమాటం మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంట్లో ఒక నిపుణుడు ఉండనే ఉన్నాడు, మా పెద్దన్నయ్య. రక్తం పలచబడే మాత్రల్లోనే ఇంకోటి, వార్ఫరిన్, ఎన్నో ఏళ్లుగా వాడుతున్నాడు. హెర్నియా ఆపరేషన్‌కి ఐదు రోజుల ముందు ఆపించారట. "ఐదు రోజులు ఆపెయ్యమ్మా, ఏం కాదు" అన్నాడు. ఆపేశాను. గురువారం పన్ను తీశారు. శుక్రవారం సాయంత్రం దాకా ఉమ్మిలో రక్తం కనిపిస్తూనే ఉంది. ఇప్పుడు మాత్ర వేసుకుంటే ఆగకుండా కారిపోతుందేమోనని భయం. పుండు పూర్తిగా మానాక మొదలుపెడదాంలే అనుకున్నాను. శని, ఆది గడిచాయి.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. మాత్ర ఆపాక హాయిగా అనిపించింది. ముంజేతి మీద ఎప్పుడూ ఉండే కమిలిన మచ్చలు ఆకుపచ్చగా మారి మాయమయ్యాయి. బీపీ మాత్ర మానేస్తే తల దిమ్ముగా ఉంటుంది, నొప్పి మాత్ర మానేస్తే నొప్పి వచ్చి అడుగుతుంది. దీన్ని మానేస్తే ఒంట్లో ఏమీ తెలియదు. తెలిసే రోజు వచ్చేదాకా తెలియదు.

సీటీ తీశారు, మెదడులో రక్తస్రావం లేదు. ఎంఆర్‌ఐలో కూడా దెబ్బతిన్న చోటు ఏదీ కనిపించలేదు. దీన్ని టీఐఏ అంటారు, జనం మాటల్లో మినీ స్ట్రోక్. మెదడుకి వెళ్లే దారిలో గడ్డ కాసేపు అడ్డుపడి, దానంతటదే కరిగిపోవడం. నేను ఇక గండం గట్టెక్కిందనుకుంటే, అసలు స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఆ తర్వాతి రెండు రోజుల్లోనేనట. అందుకే ఇంటికి పంపలేదు. స్కాన్లన్నీ చూశాక ఆ రాత్రే అపిక్సబాన్ మళ్లీ మొదలుపెట్టించారు.

"మాత్ర ఆపినందువల్లే వచ్చిందా?" అని న్యూరాలజిస్ట్‌ని అడిగాను. ఆవిడ మాట దాచలేదు. "ఒక్క మనిషి విషయంలో ఇదే కారణమని నిరూపించలేమమ్మా. కానీ మీ గుండె లయకి స్ట్రోక్ ప్రమాదం మామూలు వాళ్లకంటే సుమారు ఐదు రెట్లు. దాన్ని కాస్తున్నది ఆ మాత్రే. తొమ్మిది రోజులు కాపలా లేదు." గుండె పై గది సరిగ్గా ముడుచుకోకుండా వణుకుతుంటే, ఎడమవైపు గదికి ఉన్న చిన్న సంచిలాంటి చోట రక్తం నిలిచి గడ్డ కడుతుందట. అది కదిలితే నేరుగా మెదడుకే దారి. నిజానికి ఈ మాత్ర రక్తాన్ని పలచనేం చేయదు, గడ్డకట్టే పనిని అడ్డుకుంటుంది అంతే. పేరు అలా పడిపోయింది.

అన్నయ్య లెక్క నాకెందుకు పనికిరాలేదో కూడా ఆవిడే చెప్పారు. వార్ఫరిన్ విటమిన్ కె పనిని అడ్డుకుని, కాలేయంలో గడ్డకట్టించే పదార్థాలు సరిగ్గా తయారవకుండా చేస్తుంది. ఆపాక అవి మళ్లీ సరిపడా తయారవడానికి రోజులు పడుతుంది కాబట్టి ఐదు రోజుల ముందే ఆపుతారు. అపిక్సబాన్ అలా కాదు. దాదాపు పన్నెండు గంటలకి సగం పోతుంది, రెండు రోజులు దాటితే మిగిలేది అంతంతమాత్రం. అంటే పన్ను తీయించుకోవడానికి కుర్చీ ఎక్కకముందే నేను రెండు మూడు రోజులు ఏ రక్షణా లేకుండా తిరిగాను. పెద్ద ఆపరేషన్లకి కూడా ఈ మాత్ర మామూలుగా రెండు రోజుల ముందు ఆపితే చాలట, చిన్నవాటికి ఒక రోజు. కిడ్నీలు సరిగ్గా లేనివాళ్లకి లెక్క మారుతుంది. అమెరికాలో ఈ మందు సమాచార పత్రంలో మొట్టమొదట, నల్ల గీతల చట్రంలో ఉండే హెచ్చరికే ఇది: మధ్యలో ఆపేస్తే గడ్డలు కట్టే ప్రమాదం పెరుగుతుంది. నా మందు పెట్టెలోని కాగితాన్ని నేను మూడేళ్లలో ఒక్కసారైనా మడత విప్పలేదు.

నా కథ విన్న మా వదిన, స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వాడుతున్న మనిషి, "నాకూ పన్ను తీయాలన్నారు, నేను నాలుగు రోజులు ఆపాను" అంది. అదీ రక్తం గడ్డకట్టకుండా చూసేదే, కాకపోతే వేరే రకం మాత్ర. కొత్త స్టెంట్ ఉన్నప్పుడు ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. అదృష్టం కొద్దీ ఆమెకి ఏమీ కాలేదు.

ఆరు నెలలకి రెండో పన్ను. ఈసారి కార్డియాలజిస్ట్ దగ్గరికి ముందే వెళ్లాను. మావారు జేబులోంచి తెల్లకాగితం తీసి, "ఆఖరి మాత్ర ఎప్పుడు, మళ్లీ మొదటి మాత్ర ఎప్పుడు, రెండూ రాసివ్వండి" అన్నారు. డాక్టర్ నవ్వి, ఒక్క పన్నుకి ఆపక్కర్లేదన్నారు. కాగితం మీద రాసింది: "పొద్దున మాత్ర వేసుకోవాలి. రాత్రి మాత్ర మామూలుగానే. ఐబుప్రోఫెన్ వద్దు, నొప్పికి పారాసెటమాల్." వేరే పళ్ల డాక్టర్‌కి ఆ కాగితం చూపించాం. ఆవిడ వారం మొదట్లో, పొద్దున పూట టైమ్ ఇచ్చారు, రక్తం ఆగకపోతే అదే రోజు చూడొచ్చని. పన్ను తీసి, గుంటలో రక్తం ఆపే స్పంజి లాంటిది పెట్టి, రెండు కుట్లు వేశారు. గాజుగుడ్డ మడత కొరికి పట్టుకుని అరగంట అక్కడే కూర్చోబెట్టారు. నేను ప్రతి ఐదు నిమిషాలకీ గుడ్డ తీసి చూడబోతుంటే, "చూస్తే ఆగదమ్మా, కొరికితే ఆగుతుంది" అన్నారు.

రాత్రి 8కి ఫోన్‌లో అలారం మోగింది. ఉమ్మి ఇంకా లేత గులాబీ రంగులోనే ఉంది. అదే పాత భయం, కడుపులో దేవినట్టు. "రేపు పొద్దున వేసుకుంటే?" అన్నాను. మావారు ఏమీ అనలేదు. కాగితం తెచ్చి లైటు కింద పెట్టి, రెండో వాక్యం మీద వేలు ఆనించారు. వేసుకున్నాను. పొద్దున లేచి చూస్తే దిండు గలీబు మీద రూపాయి బిళ్లంత కూడా లేని మరక ఒకటి ఉంది.