అరవై ఫ్రేములు రాకపోయినా ఫర్వాలేదు, నిలకడగా రావాలి

నా ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న చిన్న గ్రాఫిక్స్ చిప్‌తోనే ఇన్నేళ్లుగా గేములు ఆడుతున్నాను, ఇప్పట్లో దీన్ని మార్చే ఉద్దేశమూ లేదు. ఇలాంటి కంప్యూటర్ల విషయంలో ఎవరైనా మొదట అడిగేది ‘ఫలానా గేమ్ ఇందులో నడుస్తుందా’ అనే. ఆ ప్రశ్నతో పెద్దగా ప్రయోజనం లేదని నా అభిప్రాయం. సెట్టింగులన్నీ అట్టడుగుకు దించేస్తే చాలా గేములు ఏదో ఒక విధంగా నడుస్తాయి. అలా నడిచినంత మాత్రాన అవి ఆడదగినవి కావు. అడగవలసింది ఎంత నిలకడగా నడుస్తుందన్నది.

సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, రావాలంటే ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. 30 ఫ్రేములకైతే 33.3 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది. తెర మూలన కనిపించే ఫ్రేముల అంకె 45 అని చూపిస్తున్నా, నాలుగు ఫ్రేములు 15 మిల్లీసెకన్లలోనూ ఐదోది 50 మిల్లీసెకన్లలోనూ వస్తుంటే, సగటు ఎంత బాగున్నా చేతికి మాత్రం ఆట ఆగి ఆగి నడుస్తున్నట్టే అనిపిస్తుంది. పైగా సెకనుకు 60 సార్లు మారే తెర మీద 45 ఫ్రేములు సమంగా పంపిణీ కావు. కొన్ని ఒకసారి, కొన్ని రెండుసార్లు కనిపిస్తాయి. అదే 30 దగ్గర కట్టేస్తే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండేసి సార్లు కనిపిస్తుంది. అందుకే 35కూ 55కూ మధ్య ఊగిసలాడే గేమును నేను మరో ఆలోచన లేకుండా 30కి బిగించేస్తాను. దీనివల్ల మరో మేలు కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఒకే విద్యుత్తును, ఒకే ఫ్యానును పంచుకుంటాయి. హద్దు లేకుండా వదిలేస్తే మొదటి పది నిమిషాలు గేమ్ చక్కగా పరుగెత్తి, ఆపైన వేడెక్కి, వేగం తగ్గించుకుని, ఆడేవాడు సరిగ్గా కష్టమైన ఘట్టానికి చేరేసరికి చతికిలపడుతుంది.

ర్యామ్ విషయంలో మాత్రం కొంచెం పట్టుదలగానే మాట్లాడతాను, ఎందుకంటే సెట్టింగుల గురించి గంటలకొద్దీ వాదించేవారు కూడా దీన్ని పట్టించుకోరు. ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ చిప్‌కు సొంత మెమరీ ఉండదు. ప్రాసెసర్ వాడుకునే ర్యామ్‌నే అదీ వాడుకోవాలి. 3200 వేగం గల డీడీఆర్4 రకం ర్యామ్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ సమాచారం అటూ ఇటూ కదులుతుంది; అలాంటివే రెండు పెట్టి రెండు ఛానెళ్లూ (సమాచారం కదిలే దారులు) పనిచేసేలా చేస్తే అది 51.2 జీబీ అవుతుంది. పోలిక కోసం చెప్పాలంటే, 2016 నాటి సాధారణ గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1050 టీఐకి తన సొంత మెమరీ నుంచి సెకనుకు 112 జీబీ దాకా అందుతుంది. ఈ లెక్క చూస్తే మన చిప్ ఎక్కువ సమయం లెక్కలు కట్టలేక కాదు, సమాచారం చేతికి అందక ఖాళీగా కూర్చుంటుందని అర్థమవుతుంది. నేను రెండో ర్యామ్ పెట్టిన తర్వాత కనిపించిన తేడా ఏ సెట్టింగును తగ్గించినా కనిపించలేదు. ర్యామ్‌ను బోర్డుకే అతికించి అమ్మే ల్యాప్‌టాప్‌లలో ఈ అవకాశమే ఉండదు కాబట్టి, కొనేముందు చూసుకోవలసిన మొదటి సంగతి ఇదే.

సెట్టింగుల్లో దేన్ని ముందు తగ్గించాలన్న దానికి నేను స్కైరిమ్ దగ్గర నేర్చుకున్నదే ఇప్పటికీ పాటిస్తున్నాను. 2011లో వచ్చిన ఆ గేమ్‌లో మెనూలో కనిపించే సెట్టింగులు కొన్నే. అసలు సంగతంతా స్కైరిమ్‌ప్రెఫ్స్ అనే ఫైలులో ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే నీడలు ఎంత దూరం వరకు పడాలో, వాటిని ఎంత వివరంగా గీయాలో చెప్పే రెండు వరుసలు కనిపిస్తాయి. నీడల వివరాన్ని 4096 నుంచి 1024కు దించితే పొడవు, వెడల్పు రెండూ నాలుగో వంతవుతాయి గనుక గేమ్ నింపవలసిన చుక్కలు పదహారో వంతుకు పడిపోతాయి. అప్పుడు పాత్ర ముఖం మీద పడే నీడ అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి, నీడల దూరాన్ని కూడా తగ్గిస్తే కొండవాలు మీది చెట్ల కింద నీడే ఉండదు. అయినా మంచు పడుతూనే ఉంటుంది, దూరాన శిఖరం కనిపిస్తూనే ఉంటుంది, ఆ ప్రదేశంలో ఉన్నామన్న భావనకు ఏ లోటూ రాదు. అదే టెక్స్చర్లను, అంటే గోడలకూ నేలకూ అతికించే బొమ్మలను, తగ్గిస్తే ప్రతి గోడా మైనం పూసినట్టవుతుంది. అందువల్ల ముందు నీడలు, ఆ తర్వాత పొగమంచు, ప్రతిబింబాలు. టెక్స్చర్లను మెమరీ చాలనప్పుడే ముట్టుకోవాలి.

రిజల్యూషన్ తగ్గించడం అన్నింటికన్నా బలమైన అస్త్రమే గాని, దానికి తగిన మూల్యమూ ఉంది. 1080పీలో 20,73,600 పిక్సెళ్లు ఉంటే 720పీలో 9,21,600 మాత్రమే ఉంటాయి. పని సగానికన్నా తక్కువకు దిగుతుంది. అయితే దృశ్యంతో పాటు మెనూల్లోని అక్షరాలు కూడా అలుక్కుపోతే, చదవవలసింది ఎక్కువగా ఉండే గేములు శిక్షగా మారతాయి. దృశ్యాన్ని మాత్రమే తక్కువ రిజల్యూషన్‌లో గీసి, అక్షరాలను పూర్తి రిజల్యూషన్‌లో ఉంచే సౌకర్యం ఇచ్చే గేమ్ తయారీదారులకు నేను ఋణపడి ఉంటాను. తక్కువ రిజల్యూషన్‌లో గీసిన దృశ్యాన్ని పెద్దది చేసి చూపించే ఎఫ్ఎస్ఆర్‌ను చిప్‌ల కంపెనీ ఏఎండీ 2021లో తెచ్చింది; దాని తొలి వెర్షన్లు ఫలానా కంపెనీ కార్డే కావాలని పట్టుబట్టకపోవడం వల్ల మనలాంటివారికి కలిసివచ్చింది. కాకపోతే 720పీ నుంచి పైకి సాగదీసినప్పుడు సన్నని తీగలు, ఆకుల అంచులు కొంత మిలమిలలాడతాయి, దాన్ని సహించవలసిందే.

ఇక ఏ గేములు ఆడాలన్న సంగతి. 2018లో వచ్చిన సెలెస్ట్ తన దృశ్యాన్ని 320 బై 180 పిక్సెళ్లలో, అంటే 1080పీలో ముప్పై ఆరో వంతులో రూపొందించుకుంటుంది. అయినా అందులో దూకడం ఎంత కచ్చితంగా ఉంటుందంటే, పోయిన ప్రతిసారీ తప్పు నాదేనని ఒప్పుకోవలసి వస్తుంది. అంచు దాటి గాల్లోకి వచ్చిన తర్వాత కూడా కొన్ని ఫ్రేముల పాటు దూకనిచ్చే చిన్న వెసులుబాటు అందులో దాగి ఉంది. ఫ్రేములు నిలకడగా వస్తేనే ఆ వెసులుబాటు చేతికి తెలుస్తుంది. అదే ఏడాది వచ్చిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ రెండే రంగులతో ఒక ఓడను, అందులోని అరవై మంది గతిని మన ముందు పెడుతుంది. ఇన్‌టు ది బ్రీచ్ ఎనిమిది బై ఎనిమిది గళ్ల చదరం మీద, శత్రువు తరువాతి ఎత్తును ముందే చూపించి మరీ, ఆలోచనలో పడేస్తుంది. ఈ మూడింటినీ శక్తి చాలక సర్దుకుని ఆడే గేములుగా నేను ఎన్నడూ భావించలేదు. అత్యంత ఖరీదైన కంప్యూటర్ ఉన్నా వీటినే ఆడతాను.

అలాగని చుక్కల బొమ్మలున్న గేమ్ అనగానే తేలికైనదని అనుకోకూడదు. ఫ్యాక్టోరియో చూడటానికి నిరాడంబరంగా ఉంటుంది గాని, కర్మాగారం పెరిగేకొద్దీ లక్షలాది వస్తువుల కదలికను సెకనుకు 60 సార్లు లెక్కగట్టాలి. అది చేతకానప్పుడు బొమ్మ తడబడటమే కాదు, ఆ లోకంలో కాలమే నెమ్మదిస్తుంది. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ ఏళ్ల తరబడి అక్షరాలతోనే లోకాన్ని చూపించింది; అయినా మరుగుజ్జుల సంఖ్య పెరిగితే మంచి మంచి ప్రాసెసర్లే మోకాళ్ల మీద కూలబడ్డాయి.

మరో వైపు, నెమ్మదికి కారణం ఎప్పుడూ మన కంప్యూటరే కాదు. జీటీఏ ఆన్‌లైన్ తెరుచుకోవడానికి నిమిషాలకు నిమిషాలు పట్టడాన్ని ఏళ్ల తరబడి అందరూ తమ యంత్రాల లోపంగానే భావించారు. 2021లో ఒక ఆటగాడు లోపలికి తొంగిచూస్తే, సుమారు 10 ఎంబీ ఉన్న వస్తువుల జాబితాను గేమ్ అతి మూర్ఖంగా చదువుతోందని తేలింది. ఒక్కో అంశం చదివినప్పుడల్లా మిగిలిన పాఠం ఎంత పొడవుందో మొదటినుంచి చివరిదాకా కొలుచుకుంటూ పోతోంది. దాన్నీ, ఆ జాబితా విషయంలోనే కనిపించిన మరో లోపాన్నీ సరిచేస్తే అతని కంప్యూటర్‌లో వేచి ఉండే సమయం దాదాపు 70 శాతం తగ్గింది. తయారీదారులు కూడా దాన్ని అంగీకరించి సవరణ విడుదల చేశారు. ‘మీ హార్డ్‌వేర్ పాతబడింది’ అన్న సమాధానాన్ని నేను వెంటనే నమ్మకపోవడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

పాతకాలపు గేములే గొప్పవని వాదించేవారితో మాత్రం నేను ఏకీభవించను. 2009లో పీసీకి వచ్చిన మిర్రర్స్ ఎడ్జ్‌లో ఎర్ర గోడ పక్కనున్న తెల్ల గోడ మీద ఆ ఎరుపు పలచగా సోకి కనిపిస్తుంది. నా ల్యాప్‌టాప్ దాన్ని సునాయాసంగా చూపిస్తుంది. కారణమేమిటంటే ఆ వెలుగును తయారీ సమయంలోనే లెక్కగట్టి గోడలకు అద్దేశారు. అలా అద్దిన వెలుగు సూర్యుడు కదిలినా, గోడ కూలినా మారదు. ప్రతిదీ కదిలే లోకం కావాలనుకున్నవారు, వెలుగు కిరణాల దారిని ఆట నడుస్తుండగానే లెక్కగట్టే రే ట్రేసింగ్ వైపు వెళ్లడంలో అన్యాయమేమీ లేదు. 2024లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ రే ట్రేసింగ్ చేయగల హార్డ్‌వేర్ లేనిదే నడవదు. అది నాకు అందని గేమ్. కొన్నేళ్ల తర్వాత ఆడుకుంటాను, అప్పటికి సవరణలన్నీ వచ్చి మరింత బాగుంటుంది కూడా.

నాకు కోపం తెప్పించేది కనీస అవసరాల పట్టిక. అందులో ప్రాసెసర్ పేరు, కార్డు పేరు ఉంటాయి గాని, వాటితో ఏ రిజల్యూషన్‌లో ఎన్ని ఫ్రేములు వస్తాయో చాలామంది రాయరు. ఇష్టం లేకపోతే తిరిగి ఇచ్చేయవచ్చు కదా అంటారు. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు వస్తుందన్నది నిజమే. కాని మన కంప్యూటర్లలో గేమ్ మొదట తెరిచినప్పుడు షేడర్లను (గ్రాఫిక్స్ చిప్ నడిపే చిన్న ప్రోగ్రాములను) సిద్ధం చేసుకోవడానికే చాలా సమయం పడుతుంది, ఆ నిరీక్షణ కూడా ఆ రెండు గంటల్లోకే జమ అవుతుంది. ఆపైన మొదటి గంటంతా ఇరుకైన గుహలోనో సొరంగంలోనో నడిపించి, గడువు దాటాక జనంతో కిక్కిరిసిన నగరంలోకి వదిలే గేములు ఎన్నో. 2025లో మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ విడుదలకు ముందే బెంచ్‌మార్క్‌ను, అంటే మన కంప్యూటర్‌లో ఆ గేమ్ ఎలా నడుస్తుందో కొలిచి చూపే ప్రోగ్రామును, విడిగా, ఉచితంగా అందుబాటులో ఉంచారు. నాలాంటివాడు దాన్ని నడిపి, వచ్చిన అంకె చూసి, కొనకుండా ఊరుకోవచ్చు. ప్రతి పెద్ద గేమ్‌కూ అలాంటిది ఉండాలి, అందులో ఆ గేమ్‌లోకెల్లా బరువైన ప్రదేశాన్నే పెట్టాలి.