"ఎవరి ఒత్తిడి అక్కా?"

ఎమ్మెస్సీ సైకాలజీ ప్రాజెక్టుకు నేను తీసుకున్న విషయం పోటీ పరీక్షలకు చదివేవాళ్లలో ఒత్తిడి. తిరుపతిలో అలాంటివాళ్లను వెతుక్కోనక్కర్లేదు. బాలాజీ కాలనీ వైపు ఏ లేడీస్ హాస్టల్‌కు వెళ్లినా గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివే అమ్మాయిలు ఉంటారు. 22 ప్రశ్నలు సొంతంగా రాసి, మే నెలలో ఒక హాస్టల్‌లో 60 మందికి ఇచ్చాను.

సప్రమాణత, అంటే మనం కొలవాలనుకున్నదాన్నే మన ప్రశ్నలు కొలుస్తున్నాయా అన్నది. ఆ మాట బీఈడీలోనే చదివాను. రకాలన్నీ బట్టీ కొట్టి, పరీక్షలో రాసేసి, హాల్లోనే వదిలేసి వచ్చాను.

'నాకు ఒత్తిడి ఎక్కువగా ఉంటోంది' అన్న వాక్యం దగ్గర ఒకమ్మాయి పెన్ను ఆపి, "ఎవరి ఒత్తిడి అక్కా? మా ఇంట్లో వాళ్లు ఏమీ అనరు" అంది. 'లేదు' దగ్గర టిక్ పెట్టింది. పరీక్ష తేదీ వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల సరిగా అన్నమే తినడం లేదని పక్క మంచం అమ్మాయి చెప్పింది. పుస్తకంలో స్ట్రెస్ అంటే ఒత్తిడే. మామూలు మాటల్లో మాత్రం ఒత్తిడి ఇంకొకరు పెట్టేది. లోపల కలిగేదాన్ని మనం టెన్షన్ అంటాం, దిగులు అంటాం. చూడగానే ఒత్తిడి గురించే అడుగుతున్నట్టుంది కాబట్టి నా ఫారానికి ముఖ సప్రమాణత ఉందనుకున్నాను. ఆ 'చూడగానే' నా కళ్లతో చూసినదే.

అయినా లెక్కలు చేసి, జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసిగాయో చెప్పే ఆల్ఫా అనే అంకె 0.86 వచ్చిందని సంతోషంగా గైడ్ మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్రశ్నలు చదివారు. నిద్ర పట్టడం లేదు, తలనొప్పి వస్తోంది, ఆకలి వేయడం లేదు, విసుగ్గా ఉంటోంది... ఇలాంటివే తొమ్మిది.

"ఆ హాస్టల్‌లో ఏసీ ఉందా?"

"లేదు మేడం."

"మేలో తిరుపతిలో పరీక్ష లేనివాళ్లకు మాత్రం నిద్ర పడుతుందా?"

ఆల్ఫా బాగుంది కదా అన్నాను. "ఎండ కూడా రోజూ ఒకేలా కాస్తుందమ్మా" అన్నారు. జవాబులు ఒకదానితో ఒకటి పొసగడం విశ్వసనీయత. అవి దేని గురించి పొసిగాయో ఆల్ఫా చెప్పదు. క్రాన్‌బాక్, మీల్ అనే మనస్తత్వవేత్తలు 1955లో నిర్మాణ సప్రమాణత గురించి రాసినదాన్ని ఆ రాత్రే నిజంగా చదివాను. ఒత్తిడి కంటికి కనిపించదు. ఉంటే అది వేటితో కలిసి నడవాలో, వేటితో నడవకూడదో ముందు చెప్పి, తర్వాత చూసుకోవాలి.

ప్రశ్నలు తిరగరాశాను. ఎనిమిది మంది లెక్చరర్ల చేత ఒక్కో ప్రశ్న అవసరమా కాదా అని చెప్పించుకున్నాను. లాషే 1975లో ఇచ్చిన సూత్రం సులువే: అవసరం అన్నవాళ్ల సంఖ్యలోంచి మొత్తంలో సగం తీసేసి, ఆ సగంతోనే భాగించాలి. ఎనిమిది మందిలో ఆరుగురు ఒప్పుకుంటే 0.5. ఎనిమిది మందికి కావలసింది 0.75, అంటే ఏడుగురు. నాకు బాగా నచ్చిన మూడు ప్రశ్నలు అక్కడే పోయాయి. చివరికి మిగిలినవి 14.

ఆగస్టులో అదే హాస్టల్‌కు మళ్లీ వెళ్లాను. ఈసారి ఒత్తిడి కొలవడానికి షెల్డన్ కోహెన్ వాళ్లు 1983లో తెచ్చిన స్కేలును, గది ఇబ్బందుల మీద కొన్ని విడి ప్రశ్నలను కూడా ఇచ్చాను. నా స్కోరు మొదటిదానితో గట్టిగా కలవాలి, రెండోదానితో పెద్దగా కలవకూడదు. క్యాంప్‌బెల్, ఫిస్క్ 1959లో పట్టుబట్టింది ఈ రెండో షరతు మీదే. నేను మేలో వదిలేసింది కూడా అదే. ఈసారి రెండూ అనుకున్నట్టే వచ్చాయి. ఈ స్కోరు పరీక్ష ఫలితాన్ని ముందే చెప్పగలదా అన్నది మాత్రం చూడలేదు. ఆ ఫలితాలు వచ్చేలోపు మా కోర్సే అయిపోతుంది!

ప్రాణాయామం నేర్పి, పరీక్షకు ముందూ తర్వాతా స్కోర్లు పోలుద్దామన్న ఆలోచన మేడం ఒక్క మాటతో ఆపేశారు: "పరీక్ష అయిపోతే ఎవరికైనా తగ్గుతుంది కదా?" వచ్చిన మార్పు మనం చేసినదాని వల్లేనా, ఇంకేదైనా కారణమా అని అడిగేదే అంతర్గత సప్రమాణత. అది నాకు అర్థం కావడానికి ఆ మాట చాలింది.

ఇక వైవా. ఎగ్జామినర్ సార్ లోపలి పేజీలే తిప్పలేదు. అట్ట మీద బంగారు అక్షరాలు చూశారు: 'పోటీ పరీక్షల విద్యార్థులలో ఒత్తిడి.'

"అబ్బాయిలు ఎంతమంది?"

"లేరు సార్."

"ఎన్ని హాస్టళ్లు?"

"ఒకటే సార్."

"మరి ఈ టైటిల్ ఎవరి గురించి?"

బాహ్య సప్రమాణత, అంటే మన ఫలితం ఇంకెవరికి వర్తిస్తుందన్నదాని మీద మూడో అధ్యాయంలో రెండు పేజీలు రాశాను. అట్ట గురించి ఆలోచించలేదు. నాలుగు కాపీలూ చంకలో పెట్టుకుని బైండింగ్ షాపుకు వెళ్లాను. 'తిరుపతిలోని ఒక హాస్టల్ యువతులలో' అని చేర్చమంటే ఆ అన్న వేళ్లతో అట్ట కొలిచి, ఇంత పొడుగు పేరు ఒక లైన్లో పట్టదు పాపా, రెండు లైన్లకు ఎక్స్‌ట్రా అవుతుంది అన్నాడు.