నాన్నగారి వెయ్యి పున్నములు, అమ్మ దాచిన నక్షత్రం

మా ఇంట్లో నాన్నగారి వయసుకి ఎప్పుడూ పక్కా లెక్క ఉంది. తాతగారు ఒక నోటుబుక్కులో 'తారణ నామ సంవత్సరం, వైశాఖ బహుళం' అని తిథి, నక్షత్రంతో సహా రాసిపెట్టారు. అంటే 1944 మే. బళ్ళో వేసింది మాత్రం 1942 జూలై 1. ఆ రోజుల్లో చాలామంది పిల్లలకి అదే పుట్టినరోజు! దాని పుణ్యమా అని నాన్నగారు రెండేళ్ళు ముందే, 2000లోనే రిటైరయ్యారు. 2004లో తారణ మళ్ళీ వచ్చినప్పుడు షష్టిపూర్తి చేశాం. 2025 సంక్రాంతికి తమ్ముడు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, "అక్కా, సహస్ర చంద్ర దర్శనం ఎప్పుడు?" అన్నాడు. అక్కడ మొదలైంది పని.

వెయ్యి పున్నములు చూసినవాళ్ళకి చేసే శతాభిషేకం ఇది. ఎన్నేళ్ళకి చెయ్యాలన్నది ఇంటికొకరు ఒకలా చెప్పారు. ఎనభై నిండితే చాలని మేనత్త, ఎనభై మీద ఎనిమిది నెలలని పక్కింటివాళ్ళు, 83 ఏళ్ళ నాలుగు నెలలని ఇంకో బంధువు. ఆయన వెయ్యిని పన్నెండుతో భాగించేశారు. అధిక మాసాలు ఏమైనట్టు? మా పంతులుగారు కాగితం మీద వేసి చూపించారు. ఏడాదికి పన్నెండు చొప్పున ఎనభై ఏళ్ళకి 960 పున్నములు. పందొమ్మిదేళ్ళకి ఏడు అధిక మాసాలు వస్తాయి కనుక మరో 29. ఇంకా కావలసినవి పదకొండు. అంటే ఎనభై ఏళ్ళు నిండాక దాదాపు పదకొండు నెలలు, 2025 వసంతం. మార్చి, ఏప్రిల్ నెలలంటే పిల్లలకి పరీక్షలు. "వెయ్యి నిండాక రెండు ఎక్కువైతే దోషం ఏముందమ్మా, మేలో ఆయన జన్మ నక్షత్రం రోజున పెట్టుకోండి" అన్నారు. జూన్‌లో గురు మౌఢ్యం, అంటే శుభకార్యాలు పెట్టుకోని మూఢం వచ్చేస్తుంది కాబట్టి అంతకంటే ఆలస్యం చేయడానికి లేదు.

మే అనేసరికి ఇంకో లెక్క కూడా కుదిరింది. మా అమ్మాయికి నవంబరులో పాప పుట్టింది, అంటే మా నాన్నగారికి మునిమనవరాలు. ఆడపిల్లకి అన్నప్రాసన బేసి నెలలో, ఐదులోనో ఏడులోనో చేస్తారు. మేలో ఏడో నెల. ఒకే రోజు రెండూ పెట్టేస్తే అందరికీ ఒక్కసారి సెలవు పెడితే సరిపోతుంది. మునిమనవడి చేత బంగారు పూలతో కనకాభిషేకం చేయిస్తారు కదా, అది కూడా చేద్దామన్నాడు తమ్ముడు. దానికి మాత్రం ఇంట్లో గొడవే అయింది. మునిమనవడైతేనే చేస్తారని, అదీ కొడుకు వైపు నుంచి రావాలని మేనత్త పట్టుబట్టింది. ఇది కూతురి కూతురి కూతురు. నాన్నగారు మాత్రం, "నా తల మీద పూలు పోసే చెయ్యి ఎవరిదైతే ఏంటి?" అని తేల్చేశారు. తులం లక్షకి చేరువలో ఉన్న రోజుల్లో నిజం బంగారం మా వల్ల కాదు, వెండి పూలకి బంగారు పూత వేయించాం.

సంకల్పం కోసం పేర్లు, గోత్రం, నక్షత్రాలు రాసివ్వమన్నారు పంతులుగారు. నాన్నగారివి రాశాను. అమ్మ నక్షత్రం దగ్గర ఆగిపోయాను. ఆధార్‌లో 1952 జనవరి 1 ఉంది, అది ఎవరు వేశారో దేవుడికే తెలియాలి. షష్టిపూర్తి నాడు కూడా అమ్మ నక్షత్రం ఎవరూ అడిగినట్టు లేరు. అసలు ఈ శాంతులన్నీ మొగుడి వయసుని బట్టే కదా, పెళ్ళాం పక్కన కూర్చోవడమే. "నాదెందుకే ఇప్పుడు, ఆయనతో పాటే" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. తెలియకపోతే పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నామ నక్షత్రం చెప్పుకోవచ్చన్నారు పంతులుగారు. నాకు మనసొప్పలేదు.

రాజోలులో ఉన్న పెద్దమ్మకి ఫోన్ చేశాను. వినపడదు, అరవాలి. ముందు అమ్మ పుట్టిన సంవత్సరం తేలింది. 1953 గోదావరి వరదలకి అమ్మని చంకనేసుకుని గట్టు మీదకి పరిగెత్తారట. ఆ వెంటనే అక్టోబరులో, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన నెలలోనే మామయ్య పుట్టాడు. ఆ దసరాకి అమ్మకి మూడు నిండాయి. అలా చూస్తే వికృతి నామ సంవత్సరం, 1950. మరి తిథి? పెద్దమ్మ కాసేపు నసిగింది. ఆ తర్వాత, "సరస్వతీ పూజ రోజు పుట్టిందే మీ అమ్మ. మూలా నక్షత్రం. బయట చెప్పొద్దని మా అమ్మ ఒట్టు పెట్టించింది" అంది.

అప్పుడు అర్థమైంది. మూలలో పుట్టిన ఆడపిల్ల వస్తే మామగారికి గండమని ఒక నమ్మకం ఉంది, దాని వల్ల ఎన్ని సంబంధాలు తప్పిపోయాయో. అందుకని అమ్మ జాతకమే లేదని చెప్పి పెళ్ళి చేశారు. ఇంతా చేస్తే ఆ మామగారు, అంటే మా తాతగారు, తొంభై దాటి బతికారు. ఆఖరి రోజుల్లో కోడలు కలిపి పెడితే తప్ప అన్నం ముట్టేవారు కాదు.

అమ్మని నిలదీస్తే నవ్వేసింది. నాన్నగారు మాత్రం ఆ సాయంత్రమంతా, "నాతో కూడా చెప్పలేదు చూశావా" అంటూనే ఉన్నారు. "చెబితే మీరు మీ నాన్నగారి దగ్గర దాచగలిగేవారా?" అంది అమ్మ. ఆయన దగ్గర జవాబు లేదు.

ఇలాంటిది తలపెట్టేవాళ్ళకి పనికొస్తుందని ఏర్పాట్ల సంగతి కూడా చెబుతాను. ముహూర్తం కంటే ముందు పెద్దవాళ్ళ ఓపిక చూసుకోవాలి. అన్నీ పూర్తిగా చేస్తే ఒక పూటంతా పీటల మీద కూర్చోవాలి. మేము పంతులుగారితో ముందే మాట్లాడుకున్నాం. నవగ్రహ, ఆయుష్య హోమాల్ని క్లుప్తంగా కానిచ్చి, జపాలు ముందురోజే ఆయన శిష్యులతో చేయించారు. పీటల బదులు ఎత్తు తక్కువ కుర్చీలు వేశాం. నాన్నగారికి షుగర్, ఉపవాసం కుదరదు. పొద్దున్నే పాలు, ఇడ్లీ పెట్టి మాత్రలు వేశాం, శాస్త్రం అడ్డురాలేదు. వంద చిల్లుల జల్లెడ తల మీద పట్టి కలశం నీళ్ళు పోస్తారు. అవి గోరువెచ్చగా ఉండేలా చూసుకోండి. పొడిబట్టలు, తువ్వాళ్ళు, కుర్చీ ఉన్న గది పక్కనే ఉండాలి. ఫంక్షన్ హాలు జోలికి మేము పోలేదు. స్టేజీ వెనక 'హ్యాపీ 80' అక్షరాలు కడతానన్న డెకరేషన్ అబ్బాయిని టీ ఇచ్చి పంపేశాను.

తమ్ముడు రాలేకపోయాడు. వస్తే వీసా స్టాంపింగ్ ఏమవుతుందోనని టెన్షన్. ఇక్కడ పొద్దున్న ఎనిమిదికి అక్కడ రాత్రి పదిన్నర, ట్యాబ్‌ని తులసి కోట మీద నిలబెడితే పంచె కట్టుకుని కూర్చుని చూశాడు. వాడి బదులు జల్లెడలో నీళ్ళు నేను పోయవచ్చా అని భయపడుతూనే అడిగాను. "కర్త మీ నాన్నగారు, పోసేవాళ్ళు పిల్లలు. మీరు పిల్లలు కారా?" అన్నారు పంతులుగారు. సంకల్పంలో 'మూలా నక్షత్ర జాతాయాః' అని ఆయన గట్టిగా చదువుతుంటే మేనత్త తలెత్తి చూసింది. అమ్మ కళ్ళు ఎత్తలేదు కానీ మూతి బిగించి నవ్వాపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది.

పాప పూలు పోయలేదు, ఒకటి నోట్లో పెట్టుకుంది. మా అమ్మాయి ఆ గుప్పిటి విప్పి, చెయ్యి పట్టుకుని పోయించింది. పాయసం మాత్రం లొట్టలేసుకుంటూ తింది. భోజనాల్లో పనసపొట్టు కూర, పులిహోర, గారెలు, ఆత్రేయపురం పూతరేకులు. చదివింపులు వద్దన్నాం, అయినా కొందరు కవర్లు అమ్మ కొంగులో కుక్కి వెళ్ళారు.

ఆ అక్టోబరుకి అమ్మకి డెబ్బై ఐదు. ఏం చేయమంటావని అడిగాను. హోమాలొద్దు, పాపికొండలు లాంచీ ఎక్కించమంది. దసరాకి గోదారి ఇంకా పోటు మీద ఉంటుంది, బోట్లు తిప్పరేమో అన్నారు నాన్నగారు.

"అయితే కార్తీకంలో వెళ్దాం. డెబ్బై ఐదేళ్ళు ఆగినదాన్ని, ఇంకో నెల ఆగలేనా?" అంది.