జుట్టు మాత్రలు

"జుట్టు రాలకుండా మాత్రలేమైనా వేసుకుంటున్నారా అక్కా?"

హన్మకొండలో థైరాయిడ్ పరీక్షకు వెళితే, రక్తం తీసే అమ్మాయి అడిగింది. వదిన సంచిలోంచి డబ్బా తీసింది. బయోటిన్ అనే విటమిన్, 10 మిల్లీగ్రాములు. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. అంటే 300 రెట్లకు పైనే!

చాలా థైరాయిడ్ పరీక్షల్లో బయోటిన్‌కున్న అతుక్కునే గుణాన్నే వాడతారు. రక్తంలో అది ఎక్కువైతే థైరాయిడ్‌ను నడిపే హార్మోను టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ తయారుచేసే హార్మోను టీ4 ఎక్కువగా కనబడవచ్చు. లేని జబ్బుకు మందులు మొదలైతే?

నాకు అసలు భయం ట్రోపోనిన్ గురించి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్ అది. గుండెపోటు వచ్చినా, రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే కొన్ని పరీక్షల్లో అది తక్కువగా చూపవచ్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. డబ్బా మీద ఒక్క ముక్క లేదు.

మాత్రలు రెండు రోజులు ఆపి రమ్మంది రక్తం తీసే అమ్మాయి. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. పెద్దమ్మ కూడా ఇవే వేసుకుంటోంది, ఇప్పుడే ఫోను చేస్తున్నాను.