సునౌలీ గేటు దగ్గర అత్తమ్మ

నేపాల్‌లోని పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు ఎట్లా వెళ్తే బాగుంటుందని మా హనుమకొండలో ఎవరైనా అడిగితే నేను ఒకటే చెబుతాను. ఒంట్లో ఓపిక ఉంటే బస్సులో వెళ్లండి. విమానంలో వెళ్లినవాళ్లకు దర్శనం అవుతుంది, మన దేశానికీ నేపాల్‌కూ సరిహద్దైన సునౌలీ గేటు మాత్రం దక్కదు. ఆ గేటు దగ్గర మేం గడిపిన పూటను యాత్రలో నుంచి తీసేస్తే నాకు సగం యాత్ర పోయినట్టే.

2024 కార్తీకమాసంలో మా కాలనీ వాళ్లం, చుట్టాలం కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నాం. భద్రకాళి గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాం. డిక్కీలో బియ్యం, పప్పులు, పొయ్యి, వెంట వంటమనిషి. మంచిర్యాల మీదుగా నాగ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ, అయోధ్య. ఆ క్షేత్రాల గురించి మనవాళ్లు చాలా రాశారు. గోరఖ్‌పూర్‌లో గోరఖ్‌నాథ్ స్వామిని చూసుకుని మళ్లీ బస్సెక్కాం. సంక్రాంతికి ఆ స్వామికి కిచిడీ సమర్పిస్తారు, నేపాల్ పూర్వపు రాజకుటుంబం తరఫున కూడా పంపే ఆనవాయితీ ఉంది. అక్కడి నుంచి సునౌలీ దాదాపు వంద కిలోమీటర్లు.

మా అత్తమ్మది జమ్మికుంట దగ్గర పల్లె. దారి పొడుగునా “ఫారిను ఇంకెంత దూరమున్నది బిడ్డా?” అని అడుగుతూనే ఉంది. తీరా సునౌలీలో దిగితే లారీల వరుస, రిక్షాలు, నోట్లు మార్చే చిన్న చిన్న కొట్లు, జామపండ్ల బండి. అటు చూసింది, ఇటు చూసింది. “గిదేనా? వరంగల్ చౌరస్తా తీర్గనే ఉన్నది గదా!” అంది. ఎదురుగా నేపాల్ వాళ్ల పెద్ద కమాను. దాని కింద నుంచి సైకిళ్ల మీద, కూరగాయల సంచులతో జనం అటూ ఇటూ పోతూనే ఉన్నారు. 1950లో రెండు దేశాలు చేసుకున్న స్నేహ ఒప్పందం పుణ్యమా అని మనకు అక్కడ వీసా అక్కర్లేదు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు పాస్‌పోర్టో, ఓటరు కార్డో చూపిస్తే చాలు.

బస్సుకు మాత్రం అంత సులువు కాదు. మన బండి నేపాల్‌లోకి పోవాలంటే ‘భన్సార్’ కట్టాలి, అంటే వాళ్ల కస్టమ్స్ రుసుము. ఎన్నాళ్లు ఉంటామో చెప్పి, అన్నాళ్లకూ కట్టాలి. డ్రైవరన్న కాగితాల కట్ట చంకన పెట్టుకుని అటు పోయాడు. మేం నడిచి దాటడానికి వరుసలో నిలబడ్డాం.

మన వైపు సశస్త్ర సీమా బల్ జవాన్లు ఉంటారు. అత్తమ్మ ఓటరు కార్డు తీసుకున్న కుర్రాడు కార్డునూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. ఆ ఫొటో దిగి పాతికేళ్లు దాటింది. అప్పుడు నల్లటి జుట్టు, నిండు బుగ్గలు. “ఏ ఆప్ హై, మాజీ?” అన్నాడు. నాకు కొంచెం టెన్షన్. ఆమెకు లేదు. తల మీది శాలువా వెనక్కి తీసి, గదవ మీది పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, “యే దేఖో, యే భీ దేఖో” అంటూ కార్డులోని మచ్చనూ చూపించింది. పక్కనున్న జవాన్లు కూడా వచ్చి మచ్చ చూసిపోయారు. కార్డు తిరిగిస్తూ ఏ ఊరని అడిగాడు. వరంగల్ అన్నాం. ఆలోచించాడు. కాజీపేట అనగానే మొహం వెలిగింది. దక్షిణాది డ్యూటీకి పోయినప్పుడల్లా ఆ జంక్షన్‌లో దిగి చాయ్ తాగేవాడట! ఇక అత్తమ్మకు ఆ పిల్లవాడు మనోడైపోయాడు. “పెండ్లయిందా బిడ్డా?” అని తెలుగులోనే అడిగింది. ఎట్లా అర్థమైందో, సిగ్గుపడి తల అడ్డంగా ఊపాడు.

కమాను దాటితే ఊరి పేరు బెలహియా. అక్కడ సంచులు విప్పారు. ఎర్రటి కారప్పొడి ప్యాకెట్టు పట్టుకుని ఒకాయన వాసన చూసి తుమ్మాడు, ఇంకేమీ అడగలేదు. సకినాల డబ్బా దగ్గర మాత్రం కస్టమ్స్ అమ్మాయి ఆగిపోయింది. “సేల్ రోటీ!” అంది. దసరాకు, దీపావళికి వాళ్లిళ్లలో బియ్యప్పిండితోనే చుట్టలు వేసి నూనెలో కాలుస్తారు. అవి తియ్యగా, మెత్తగా ఉంటాయి. ఆమె అదే అనుకుని సకినం గట్టిగా కొరికింది. కరకరమన్న చప్పుడుకు పక్క టేబులాయన తలెత్తి చూశాడు. నువ్వులు, వాము తగిలాయేమో, కళ్లు పెద్దవి చేసి ఇంకొకటి తీసుకుంది. అత్తమ్మ ఊరుకుంటుందా? దోసెడు సకినాలు కాగితంలో కట్టి చేతిలో పెట్టింది. చుట్టడం ఎట్లాగో గాలిలో వేళ్లు తిప్పి చూపిస్తుంటే వరుసలో వెనకాల ఉన్నవాళ్లు కూడా నేర్చుకున్నారు. పండక్కి మా వాకిట్లో ఆడవాళ్లంతా కూర్చుని సకినాలు చుట్టేటప్పుడు ఉండే సందడి ఆ కాసేపూ ఆ టేబుల్ దగ్గర ఉంది.

డ్రైవరన్న రసీదు పట్టుకుని వచ్చేసరికి ఎండ ఎక్కింది. మా చిన్నమ్మ కొడుకు దాని మీద నాగరి అంకెల్లో ఉన్న తేదీ కూడబలుక్కుని చదివి, “అరే, 2081 అంట!” అని అరిచాడు. నేపాల్‌లో సర్కారు లెక్కలన్నీ విక్రమ సంవత్సరంలోనే నడుస్తాయి. మా ఫోన్లలో 2024, సంకల్పంలో మా అయ్యగారు చెప్పిన శాలివాహన శకం 1946, చేతిలో రసీదు మీద 2081. “57 ఏండ్లు ముందటికి వచ్చినం పెద్దమ్మా” అన్నాడు వాడు. “అప్పటికి నేనుంటనా? గందుకే సామి ఇప్పుడే చూపిచ్చిండు” అంది అత్తమ్మ. బస్సంతా గొల్లుమంది, ఆమెతో సహా.

సంవత్సరం సంగతి అట్లా ఉంటే, పావుగంట సంగతి మమ్మల్ని యాత్ర సగం దాకా తిప్పలు పెట్టింది. నేపాల్ గడియారం మనకంటే 15 నిమిషాలు ముందుంటుంది. కొందరి ఫోన్లు గేటు దాటగానే మారాయి, కొందరివి మారలేదు, చేతి గడియారాలు సరేసరి. లుంబినిలో మాయాదేవి గుడి, అశోకుడి స్తంభం చూశాక ఏడున్నరకు బస్సు దగ్గరికి రమ్మంటే, సగం మంది వచ్చి పావుగంట ఎదురుచూశారు. చివరికి వంటమనిషి పేర్లు పెట్టాడు, ‘మన టైం’, ‘సామి టైం’ అని. ఇక ఎవరేం చెప్పినా “ఏ టైం?” అని ఒకేసారి అడిగేవాళ్లం.

ఆ పేరు ఎంత సరిగ్గా కుదిరిందో నాకు తరవాత తెలిసింది. నేపాల్ వాళ్లు 1986 నుంచి తమ సమయాన్ని గౌరీశంకర్ శిఖరం మీదుగా పోయే రేఖాంశాన్ని బట్టి లెక్కకడుతున్నారు. గౌరి పేరు, శంకరుడి పేరు కలిసిన కొండ అది. ఈ మాట చెప్పగానే అత్తమ్మ తన గడియారం నా చేతికిచ్చి ముల్లు మార్పించుకుంది. నేను కూడా మార్చుకున్నాను, తిరుగు ప్రయాణం దాకా అదే ఉంచాను.

ముక్తినాథ్ దారి, కాళీగండకి, ఆ చలిలో 108 ధారల కింద తడవడం, అవన్నీ వేరుగా రాయాల్సినవి. కాఠ్‌మాండూలో జరిగింది మాత్రం గేటు దగ్గర మొదలైన కథే. పశుపతినాథ్ గుడి బయట అత్తమ్మ రుద్రాక్షమాల బేరం చేసింది. కొట్టాయన 800 అన్నాడు. ఈమె మార్కెట్ యార్డులో పత్తి బేరాలు చూసిన మనిషి, 500కు దించి, ఐదు మన వంద నోట్లు ఇచ్చింది. ఆయన 300 నేపాల్ రూపాయలు వాపసు ఇచ్చాడు. మన వంద వాళ్లకు 160, ఆయన చెప్పింది ‘ఎన్‌సీ’ లెక్క, అంటే నేపాల్ రూపాయలు, ఈమె అనుకున్నది ‘ఐసీ’ లెక్క, అంటే మన రూపాయలు. అక్కడ కొట్లలో ఈ రెండు మాటలూ పొద్దంతా వినిపిస్తాయి. “బేరమైనంక గిన్ని పైసలు వాపసిస్తరా, పాపం లెక్క తప్పిండు” అని ఆమె తిరిగి ఇవ్వబోతుంది, ఆయన వద్దంటాడు. ఆ నోట్లు కాసేపు అటూ ఇటూ తిరిగాయి. నేను కాగితం మీద వేసి చూపించాక గానీ ఆమె తీసుకోలేదు. ఆ నిజాయితీకి మురిసిపోయి ఇంకో మాల కొన్నది.

లోపల స్వామిని తాకి పూజచేసే భట్టులు దక్షిణాది నుంచి, ఎక్కువగా కర్ణాటక నుంచి వెళ్లినవాళ్లే. తరాలుగా అదే పద్ధతి. “మనకన్న ముందుగాల మనోళ్లు దాటిండ్రన్నట్టు ఆ గేటు” అంది అత్తమ్మ, గుడి మెట్ల మీద కూర్చుని. ఆమె అన్న మాటల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

వెళ్లేవాళ్లు ఓటరు కార్డు అసలుది పెట్టుకోండి, జిరాక్సు పనికిరాకపోవచ్చు. వంద నోట్లు ఎక్కువ ఉంచుకోండి. బండి కాగితాల పని పొద్దున్నే మొదలుపెడితే మేలు. ఆ పని అయ్యేదాకా బస్సులో పడుకోకండి. పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుని గేటు నడిచే దాటండి.