కీ తెరవకుండా రోజుకో లెక్క

ఎంపీసీ చదివి ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ రెండూ రాశాను. టైమ్‌టేబుళ్లు, పుస్తకాల లిస్టులు మీకు అందరూ ఇస్తారు, వాటి జోలికి పోను. సెకండియర్‌లో నన్ను నిలబెట్టింది వేరే అలవాటు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒక్క లెక్క, వాచీ చూడకుండా, జవాబుల కీ తెరవకుండా.

ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 బిట్లు. నిమిషం దాటితే తర్వాతి దానికి వెళ్లిపోవాల్సిందే. ఆ స్పీడ్ అవసరమే, కాదనను. కానీ రెండేళ్లూ అదే స్పీడ్‌లో చదివితే 'ఎందుకు' అని ఆగడమే టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. చదువు మీద విసుగు మొదలయ్యేది అక్కడే.

ఉత్తరాలు, కవర్ల లెక్క తీసుకోండి. నాలుగు ఉత్తరాల్లో ఏదీ దాని కవర్లో పడకూడదు, ఎన్ని విధాలు? ఫార్ములాలో వేస్తే 9. నేను అన్నీ రాసుకుంటూ కూర్చున్నా. మొదటి ఉత్తరానికి మూడు దారులు, ఒక్కో దారిలో మళ్లీ సరిగ్గా మూడేసి. ఐదు ఉత్తరాలకు 44 ఎలా వచ్చిందా అని తవ్వితే, మూడింటికి వచ్చే 2, నాలుగింటికి వచ్చే 9 కలిపి నాలుగుతో గుణిస్తే సరిపోయింది! ఎందుకో తేలేదాకా స్నానం చేస్తున్నా అదే ధ్యాస. ఆ వారం ర్యాంకేమీ ఎగరలేదు గానీ, మార్కుల లిస్ట్ అంటించినప్పుడు కడుపులో తిప్పడం తగ్గింది. ఆ లిస్ట్‌లో లేనిది ఒకటి నాకు తెలుసన్న ధైర్యం కాబోలు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు జాన్ కాసియోప్పో, రిచర్డ్ పెట్టీ 1982లో ఇలా ఆలోచించే ఇష్టాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళే తయారుచేశారు. అది చూసేది ఎంత తెలివుందని కాదు, బుర్రకు పని పెట్టడం నచ్చుతుందా లేదా అని. మన వీకెండ్ టెస్టులకు ఆ సంగతే పట్టదు.

'సీటు రాకపోతే? నాన్నకు ఏం చెప్పాలి?' అని రాత్రంతా నలగడం కూడా ఆలోచనలాగే కనిపిస్తుంది. కాదు. లెక్కలో ఏదో ఒక అడుగు ముందుకు పడుతుంది, ఇందులో పడదు. దీనివల్ల నిద్ర పట్టకపోతే లెక్కలు మందు కావు. ఇంట్లో చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

గ్రాండ్ టెస్టులు మొదలయ్యాక రోజూ కుదరదు, ఆదివారం ఒకటి చాలు. పర్మ్యుటేషన్లు, ప్రాబబిలిటీలో మంచివి దొరుకుతాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మాత్రం నాకీ సుఖం దొరకలేదు, బట్టీ పట్టే గట్టెక్కాను.